రెండు రూపాయల అభ్యంతరం

"ఉప్మాలో జీడిపప్పు వెయ్యలేదేం?" అన్నాడు మా ఆయన.

నలభై మందికి ఉప్మా. పోలింగు రోజు తెల్లారేసరికి మా పెరట్లో రెండు గుండిగలు పొయ్యిల మీద ఉన్నాయి. ఒకదాన్లో ఉప్మా, ఒకదాన్లో టీ. ఆరింటికల్లా నేను స్కూల్లో ఏజెంటుగా కూర్చోవాలి. ఏజెంటంటే పార్టీ తరఫున బూతు లోపల ఉండి, ఓటు వెయ్యడానికి వచ్చిన మనిషి అసలు మనిషేనా కాదా అని చూసేవాళ్ళు. అంతటి బాధ్యత గల మనిషి కోడి కూయకముందే లేచి రవ్వ వేయించిందని ఏ చట్టంలోనూ రాసి ఉండదు. ఉన్న జీడిపప్పంతా మొన్న మీ పార్టీ పెద్దలొచ్చినప్పుడు పాయసంలో పోయింది అందామనుకున్నాను. అనలేదు. పదహారేళ్ళ కాపురంలో నేను అందామనుకుని అననివన్నీ రాస్తే మా మండలం ఓటర్ల లిస్టుకన్నా లావవుతుంది.

"జ్యోతీ, బొట్టు చూసుకో. చెమటకి జారిపోయింది" అంది మా అత్తగారు వెంకటేశ్వరమ్మ, వసారాలో మంచం మీద నుంచే. "నలుగురిలోకి వెళ్తా ఆ మొహమేంటి? మన ఇంట్లో ఆడది బొట్టు లేకుండా గడప దాటింది లేదు."

నేను అద్దం ముందుకెళ్ళి బొట్టు సరిచేసుకున్నాను. పక్కన మా ఆడపడుచు శ్రీరమ్య తల దువ్వుకుంటోంది. పొన్నూరులో కాపురం. ఓటూ అక్కడే. అక్కడ మన పార్టీకి ఢోకా లేదు, ఇక్కడ అన్నయ్యకి సాయం చేస్తానని మూడు రోజుల కింద వచ్చింది. "వదినా, నేను వడ్డిస్తాలే, నువ్వెళ్ళు" అంది. ఆ ఇంట్లో నాతో ఆ మాట అన్న మనిషి అదొక్కతే. నేను కాపురానికొచ్చేసరికి దానికి పదేళ్ళు. జడలేసి బడికి పంపింది నేనే. నాకది కూతురితో సమానం.

అసలు నేనీ ఓట్ల గొడవలోకి ఎలా వచ్చానో చెప్పాలి. కిందటిసారి మా పార్టీ ఈ ఎంపీ సీటు గెలిచింది ఆరువందల పన్నెండు ఓట్లతో. లక్షల ఓట్లలో ఆరువందల పన్నెండు! అంటే మా ఊళ్ళో రెండు వీధుల జనం. ఈసారి సీటు నిలబెట్టుకోవాలంటే ఏ ఊళ్ళో ఏ ఒక్క ఓటూ వదలకూడదని పైనుంచి మాట వచ్చింది. ఊళ్ళో బూతు కమిటీ వేశారు. పదకొండు మంది, అందరూ మగవాళ్ళే. అధ్యక్షుడు మా ఆయన త్రినాథ్. రోజూ సాయంత్రం మా వసారాలో మీటింగు. నా వంతు టీలు.

ఒకరోజు లిస్టు చదువుతున్నారు. "మాబు భార్య, సైదా. ఉందా ఊళ్ళో?" అన్నారెవరో. ఒకాయన ఉందన్నాడు, ఒకాయన లేదన్నాడు, ఇంకొకాయన చచ్చిపోయిందేమో అన్నాడు. నాకు వంటింట్లో నవ్వాగలేదు. "కూతురి పురిటికి మార్టూరు వెళ్ళింది. ఇరవయ్యో తేదీకి వచ్చేస్తుంది" అన్నాను లోపలి నుంచే.

"నీకెట్టా తెలుసే?" అన్నాడు మా ఆయన.

నాకెట్టా తెలియదు? మిరపకల్లంలో నాతోపాటు కూర్చుని తాలుకాయలు ఏరేది ఆడవాళ్ళే. ఎవరికి నెల తప్పిందో, ఎవరు మొగుడి మీద అలిగి వెళ్ళారో, ఎవరు కూలికి ఏ ఊరు పోయారో, ఆ ఎర్రటి ఘాటులో తుమ్ముకుంటూ అన్నీ చెప్పుకుంటాం. మగవాళ్ళకి ఇల్లంటే ఇంటాయన పేరు. ఓట్లలో సగం ఆడవాళ్ళవి, ఆ సగం వాళ్ళకి కనపడదు. మర్నాడు ఆయన లిస్టూ, వంద పేజీల నోటుపుస్తకం ఒకటీ తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "ఎవరున్నారో ఎవరు లేరో రాయి. ఖాళీగానే ఉంటావుగా" అన్నాడు. రెండు గేదెలు, ఇద్దరు పిల్లలు, కల్లం నిండా కాయలు. అయినా నేను ఖాళీగానే ఉంటాను, ఏం చేస్తాం.

కానీ నిజం చెప్తాను, ఆ పని నాకు నచ్చింది. చాలా నచ్చింది. మా వీధి జయకుమారినీ, ఇంకో నలుగురినీ పోగుచేశాను. పెళ్ళికి పిలిచినట్టు కుంకుమభరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టి ఓటు అడుగుదామన్నది నా ఆలోచనే. బొట్టు పెట్టి పిలిస్తే ఎంత కోపమున్నా కాదనరు, మా వైపు అది మర్యాద. రోజుకో వీధి. పదహారేళ్ళలో ఎవరి కోడలిగానో ఎవరి పెళ్ళాంగానో కాకుండా నా పని మీద నేను వీధిలో నడవటం అదే మొదలు. చెప్పులు అరిగిపోయినా కాళ్ళు నొప్పి పుట్టలేదు.

పల్లెలో మాత్రం తప్పు చేశాను. ఊరికి పడమటి వైపున్న క్రైస్తవుల వాడని మేం పల్లె అంటాం. పన్నెండేళ్ళుగా మా కల్లంలో పని చేస్తున్న రెబ్కా ఇంటి గుమ్మం నేను చూడటం కూడా అదే మొదలు. అలవాటులో వేలితో కుంకుమ తీసి ఆవిడ నుదుటి దాకా తీసుకెళ్ళాను. రెబ్కా నా మణికట్టు మెల్లగా పట్టుకుంది.

"మేం పెట్టుకోమమ్మా."

సిగ్గుతో చచ్చిపోయాను. పన్నెండేళ్ళు రోజూ ఎదురుగా చూసిన నుదురు! ఆవిడ నా వేలి కుంకుమ తన చీర చెంగుతో తుడిచి, ఆ చెయ్యే పట్టుకుని, "వందనాలమ్మా. చెయ్యిస్తే చాలు, కూర్చోండి" అంది.

"ఓటెవరికేస్తావు రెబ్కా?" అంది జయకుమారి, ఆగలేక.

"ఎవరికేస్తే ఏందమ్మా? ఈసారి నా ఏలితో నేనెయ్యాలి, అదీ నాకు కావాల్సింది." రెబ్కా నా వైపు తిరిగింది. "కిందటిసారి పత్తితీతలకి పోయి, రెండు దినాల కూలి పోగొట్టుకుని, ఓటు కోసమని వచ్చానమ్మా. నా ఓటు పడిపోయిందన్నారు. నా ఏలు చూడండయ్యా, సిరా ఏదీ అన్నా. పడిపోయిందిలే, ఎల్లెల్లు అన్నారు. అందరి ముందూ దొంగని గెంటినట్టు గెంటారమ్మా."

ఉగాది వెళ్ళగానే వాళ్ళు ఇరవై ఏడుమంది ఆడవాళ్ళు దాచేపల్లి అవతలికి మిరపకోతలకి వెళ్ళాలి. మేస్త్రీ రెబ్కా భర్త జక్రయ్యే. పోలింగు నాటికి కోతలు పూర్తికావు. "లారీ పంపితే వస్తాం, ఓటేసి మళ్ళీ పోతాం" అన్నారు. "నేను పంపిస్తాను. బూతులో నేనే ఉంటాను. నీ ఓటు ఎవరు వేస్తారో చూస్తాను" అన్నాను. ఎవరి దన్ను చూసుకుని అన్నానో తెలియదు. జీవితంలో ఒక మనిషికి నా అంతట నేనిచ్చిన మొదటి మాట అది. నోటుపుస్తకంలో ఆ ఇరవై ఏడు పేర్ల ఎదురుగా ఎర్ర పెన్నుతో 'ఊళ్ళో లేరు' అని రాసి, పక్కన 'లారీ' అని రాశాను. అక్కడి రైతు ఇంటికి ఎస్టీడీ బూతు నుంచి రెండుసార్లు ఫోన్ చేసి జక్రయ్యతో మాట్లాడాను. మా ఆయన సరేనన్నాడు, లారీ మాట్లాడానన్నాడు.

చిలకలూరిపేటలో ఏజెంట్లకి క్లాసు పెడితే నన్నే పంపాడు. ఆడవాళ్ళని గుర్తుపట్టడానికి ఆడమనిషి కావాలన్నారట పైవాళ్ళు. క్లాసు చెప్పినాయన, "వచ్చిన మనిషి ఆ పేరు గల మనిషి కాదని మీకు తెలిస్తే ఊరికే అరవకండి. రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పండి. రెండు రూపాయలు బల్ల మీద పడితే ఎంత పెద్ద ఆఫీసరైనా ఆపి విచారించాల్సిందే" అన్నాడు. ఎదుటి పార్టీ దొంగ ఓట్లు ఆపడానికని ఒక్కొక్కరికీ రెండు రూపాయల బిళ్ళలు పదేసి పంచారు. నేను కొంగున ముడేసుకున్నాను. ఇంటికొచ్చి సంబరంగా చెప్తే మా ఆయన నవ్వాడు. "నువ్వేం మాట్లాడక్కర్లా. కూర్చుంటే చాలు."

అలా కూర్చున్నాను. ఐదో తరగతి గది. పిల్లల బెంచీ మీద నేను, నా పక్కన ఎదుటి పార్టీ ఏజెంటు వీరాంజనేయులు. మా ఆయనకి పెదనాన్న కొడుకు, నాకు బావగారు వరస. ఎదురుగా ప్రిసైడింగ్ ఆఫీసరు, ఎక్కడో వేరే జిల్లా నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. ఒక ఉద్యోగి ఓటరు నంబరు, పేరు పైకి చదువుతాడు. మేం మా లిస్టుల్లో గీత పెట్టుకోవాలి. తర్వాత వేలికి సిరా, ఆ తర్వాత అట్ట చాటున రెండు మిషన్లు, ఒకటి ఎంపీకి, ఒకటి ఎమ్మెల్యేకి. మీట నొక్కగానే ఒక కూత. ఊళ్ళో అవి కొత్త. ఆ కూత విని ముసలమ్మలు ఉలిక్కిపడి నా వైపు చూసేవాళ్ళు. నేను తలూపి ఫరవాలేదనేదాన్ని. సైదా చంటిబిడ్డ కబుర్లు చెప్పబోతే ఆఫీసరు కసిరాడు. పొద్దున్నంతా బాగుంది. పది దాటాక మాత్రం నా చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. తొమ్మిదిన్నరకల్లా లారీ రావాలి. పదకొండయింది. పన్నెండయింది. సిమెంటు లారీలు పోతున్న చప్పుడే గానీ ఒక్కటీ ఆగలేదు.

ఒంటిగంటకి మా ఆయన అన్నం క్యారేజీ తెచ్చాడు. వరండా చివరికి వెళ్ళాను.

"లారీ ఎక్కడిదాకా వచ్చిందండీ?"

"ఏ లారీ?"

"దాచేపల్లి లారీ. రెబ్కా వాళ్ళు."

ఆయన అటూ ఇటూ చూశాడు. "పంపలేదు."

"పంపలేదా? ఎందుకని?"

"గట్టిగా మాట్లాడమాక. డీజిలు పోసి వాళ్ళని తీసుకొచ్చి అవతలోళ్ళకి గుద్దించనా? వాళ్ళు ఎవరికేస్తారో ఏ ఒక్కరన్నా నోరు తెరిచి చెప్పారా నీకు? నువ్వు పుస్తకంలో చక్కగా రాసిపెట్టావుగా ఎవరెవరు లేరో. అది చాలు. రెండింటి నుంచి మనవాళ్ళొస్తారు. వీరాంజనేయులుతో మాట్లాడుకున్నాం. లేనోళ్ళ ఓట్లు చెరి సగం."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాళ్ళిద్దరూ పంచుకున్నారు. పొద్దున్నుంచీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోని అన్నదమ్ములు, పల్లె ఆడవాళ్ళ ఓట్ల దగ్గరికొచ్చేసరికి ఒకటైపోయారు.

"నేను మాటిచ్చానండీ వాళ్ళకి" అన్నాను.

"నీ మాటేంటి మధ్యలో?" అన్నాడు. కోపంగా కూడా కాదు. నిజంగానే అర్థంకాక అన్నాడు. "మెంతికూర పప్పు. చల్లారిపోతుంది, తిను."

అన్నం తినలేదు. వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. రెండు దాటింది. పేరు చదివారు. "నాలుగువందల ముప్పై ఒకటి. మరియమ్మ." వచ్చినావిడని నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన మరియమ్మకి ఎడమ చేతికి చిటికెన వేలు లేదు, కొడవలికి తెగింది. ఈవిడకి ఐదు వేళ్ళూ ఉన్నాయి. వీరాంజనేయులు నా వైపు చూసి, తల దించి లిస్టులో గీత పెట్టాడు. నేనూ గీత పెట్టాను. మిషను కూసింది, ఇంకోటీ కూసింది. పది నిమిషాల తర్వాత ఇంకొకావిడ, ఇంకో పేరు. అప్పుడూ గీత పెట్టాను. ఈ రెండు గీతలూ నేను పెట్టానని దాచిపెట్టి మంచిదాన్ననిపించుకోవడం నాకిష్టం లేదు.

ఎందుకు పెట్టాను? భయం. ఇంకేం లేదు, భయం. ఈ సీటు ఇరవై ఓట్లతో పోతే, ఆ ఇరవై ఓట్లూ నావల్ల పోయాయని చచ్చేదాకా అంటారు. కూరలో ఉప్పు ఎక్కువైతే అంటారు, గేదె పాలివ్వకపోతే అంటారు, రేపు నా కొడుక్కి మార్కులు రాకపోతే అంటారు. మా అత్తగారు ఊరంతా చెప్తుంది. పోనీ నాకు ఈ పార్టీ అంటే పడదా అంటే అదీ కాదు. గెలవాలనే నెలరోజులు తిరిగాను. నూట ఎనభై ఇళ్ళలో బొట్టు పెట్టాను. మనిషికి మనిషి ఎదురుగా నిలబడి అడిగితే ఓట్లు వస్తాయని నేను నిరూపించాననుకున్నాను. కాదట. నా తిరుగుడంతా ఎందుకట? ఏ ఇంట్లో మనిషి లేదో దొంగకి చెప్పడానికట. ఆ ఎర్ర రాతలు నావి. లారీ అన్న మాట ఒక్కటీ వదిలేసి మిగతాదంతా వాడుకున్నారు. ఈపాటికి రెబ్కా అక్కడ చేను గట్టున తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ ఉంటుంది. పొద్దున్నుంచీ అందరికీ చెప్తూ ఉంటుంది, జ్యోతమ్మ మాటిచ్చింది, లారీ వస్తుంది అని. ఆవిడకి నా మాట మధ్యలోది కాదు.

"నాలుగువందల ముప్పై ఆరు" అని చదివాడు ఉద్యోగి. "రెబ్కా. భర్త జక్రయ్య."

తలెత్తాను.

నేత చీర, తల మీదుగా కొంగు, చేతిలో రెబ్కా పేరున్న చీటీ. ఆ చీటీ రెబ్కాకి ఇవ్వడానికని నేనే నా చేత్తో రాశాను. కొంగు కింద మొహం శ్రీరమ్యది. రోజూ పెట్టుకునే పెద్ద బొట్టుబిళ్ళ తీసేసింది. తీసినచోట చర్మం గుండ్రంగా, తెల్లగా, అలాగే ఉంది. ఏళ్ళ తరబడి ఎండ తగలని చోటు. బొట్టు లేకుండా గడప దాటకూడదన్న ఇంట్లోనే, వాళ్ళమ్మ ఎదురుగానే అది తీసి ఉంటుంది. ఓటు కోసమైతే అశుభం లేదు కాబోలు. వెనక లైన్లో ఉన్నవాళ్ళకి శ్రీరమ్య తెలియదా? ఈ ఊరి పిల్ల. అందరికీ తెలుసు. అందరూ గోడ మీద గుణింతాల పటం చూస్తున్నారు.

శ్రీరమ్య నన్ను చూసి చిన్నగా నవ్వింది. చిన్నప్పుడు జడ సరిగ్గా వచ్చిందా అని అడుగుతూ నవ్వినట్టే ఉంది. దాని తప్పు కాదిది. దానికీ చెప్పి ఉంటారు, నువ్వేం మాట్లాడక్కర్లా అని.

సిరా పెట్టే ఉద్యోగి దాని చెయ్యి పట్టుకున్నాడు. పుల్ల సిరాలో ముంచాడు.

"ఆగండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గదిలో అందరూ నా వైపు తిరిగారు. వీరాంజనేయులు బెంచీ కింద నుంచి కాలితో నా కాలు తొక్కాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఈ అమ్మాయి రెబ్కా కాదండీ."

"వదినా!" అంది శ్రీరమ్య. కొంగు జారిపోయింది. "వదినా, ఏంటిది? అన్నయ్యే..." అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ప్రిసైడింగ్ ఆఫీసరు కళ్ళజోడు తీశాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నా మెడలో పార్టీ గుర్తున్న కార్డు చూశాడు. పాపం, ఆయన లెక్కల మాస్టారు. ఈ లెక్క ఆయనకి ఎప్పుడూ తగిలి ఉండదు.

"అమ్మా, ఈమె మీ మనిషేగా?"

"మా ఆడపడుచండీ. శ్రీరమ్య. ఓటు పొన్నూరులో ఉంది. రెబ్కా ఓటు వెయ్యటానికి రెబ్కాయే రావాలి."

"మీకు అభ్యంతరమా మరి? ఆలోచించుకునే చెప్తున్నారా?"

"అమ్మాయ్, కూర్చోమ్మా" అన్నాడు వీరాంజనేయులు పళ్ళ బిగువున. "త్రినాథ్ బయటే ఉన్నాడు. ఇంట్లో మాట్లాడుకోవచ్చు."

ఇంట్లో ఎప్పుడు మాట్లాడాను గనక? కొంగు ముడి విప్పాను. ముడి వెంటనే రాలేదు, పంటితో లాగాను. ఒక బిళ్ళ తీసి ఆఫీసరు ముందు బల్ల మీద పెట్టాను. ఆయన నిట్టూర్చి, సంచిలోంచి ఒక ఫారం తీసి, "మీ పేరు?" అన్నాడు. "నాగజ్యోతి" అన్నాను. రాసుకున్నాడు. శ్రీరమ్య గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది, కానీ చూపు తలుపు మీది నుంచి తిప్పలేదు. కిటికీ బయట మా ఆయన గొంతు వినపడుతోంది. "ఏమైంది, ఏమైందిరా లోపల?" అని ఎవరినో అడుగుతున్నాడు.

ఆడవాళ్ళ లైన్లో, నీడ పట్టున, కొంగులు తల మీదికి లాక్కుని ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. నలుగురి నుదుటి మీదా తెల్లటి గుండ్రటి మచ్చ.

నేను మళ్ళీ బెంచీ మీద కూర్చుని కొంగు ఒళ్ళో పరుచుకున్నాను. అందులో ఇంకా తొమ్మిది బిళ్ళలున్నాయి.